పీడనం కింద క్వాంటమ్‌ బావి: కొన్ని అనుభవ పాఠాలు

ఆదిలాబాద్‌లో పుట్టి పెరిగి, ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివి, ఆ తర్వాత అమెరికాలో ఒక ప్రయోగశాలలో అర్ధవాహకాలను వజ్రాల నడుమ నొక్కి వాటి వెలుగును కొలిచే పని నేర్చుకున్నవాణ్ని. తిరిగొచ్చి హైదరాబాద్‌లో పాఠాలు చెప్పాను. పదవీ విరమణ తర్వాత సొంతూరు చేరాను. ఇప్పుడు బాసర ట్రిపుల్‌ ఐటీ నుంచీ ఇక్కడి డిగ్రీ కాలేజీ నుంచీ పిల్లలు ఇంటికి వస్తుంటారు. "సార్‌, ఇన్నేళ్లూ మీరు చేసిన పనేంది?" అని అడుగుతారు. స్ఫటికంలో ఎలక్ట్రాన్లు కూర్చునే శక్తి స్థాయిల్లో ఏది ఎక్కడిదో, ఏ పొరదో తేల్చడానికి పీడనాన్ని మించిన సాధనం నాకు కనబడలేదు. ఆ సాధనాన్ని వాడటమే నా పని. వాళ్లకు చెబుతూ వచ్చినవాటిని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. బావి లోతు, వెడల్పు ముందు కాగితం మీద వేసుకోండి.

నడుమ గాలియం ఆర్సెనైడ్‌ పొర, దానికి రెండు పక్కలా అల్యూమినియం కలిసిన గాలియం ఆర్సెనైడ్‌ పొరలు. నడిమి పొర మందం 10 నానోమీటర్లు అనుకోండి. వెంట్రుక మందంలో అది ఏడెనిమిది వేల వంతుల్లో ఒకటి. ఎలక్ట్రాన్‌కు నడిమి పొరలో శక్తి తక్కువ, పక్క పొరల్లో ఎక్కువ. అందుకని నడుమనే ఉండిపోతుంది. రంధ్రాల (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీల) సంగతీ అంతే. దీన్నే క్వాంటమ్‌ బావి అంటాం. పొర తలంలో అవి ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు గానీ, మందం దిశలో మాత్రం కొన్ని నిర్ణీత శక్తులే వాటికి దక్కుతాయి. 1974లో బెల్‌ ల్యాబ్స్‌లో డింగిల్‌, వీగ్మన్‌, హెన్రీ ఈ స్థాయిలను కాంతి శోషణలో స్పష్టంగా చూపించారు. డిగ్రీలో "పెట్టెలో కణం" అని మనం చదివే లెక్క అక్కడ నిజమైన పదార్థంలో కనబడింది.

ఆ లెక్క చేసి చూడండి. గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్‌ ప్రభావక ద్రవ్యరాశి మామూలు ఎలక్ట్రాన్‌లో 0.067 వంతు. గోడలు అనంతమైన ఎత్తున్నాయనుకుంటే, 10 నానోమీటర్ల బావిలో మొదటి స్థాయి అడుగు నుంచి 56 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టుల ఎత్తున ఉంటుంది. నిజమైన గోడ ఎత్తు, 30 శాతం అల్యూమినియం ఉంటే, సుమారు పావు ఎలక్ట్రాన్‌ వోల్టే. ఎలక్ట్రాన్‌ తరంగం గోడలోకి కొంత చొచ్చుకుపోతుంది కాబట్టి స్థాయి 30 దగ్గరికి దిగుతుంది. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఎందుకొచ్చిందో నోటితో చెప్పగలిగితే, ముందున్న పాఠాల్లో సగం మీకు వచ్చేసినట్టే.

2. పీడనం పదార్థాన్ని మార్చదు, పరమాణువుల మధ్య దూరాన్ని మారుస్తుంది.

వేలన్సీ పట్టీకీ వాహక పట్టీకీ మధ్య ఉండే శక్తి అంతరాన్ని మార్చడానికి వేరే దారులు లేకపోలేదు. మిశ్రమం చేయొచ్చు, కానీ అప్పుడు పదార్థమే వేరవుతుంది, పరమాణువుల అమరికలో కలగాపులగం వచ్చి చేరుతుంది. వేడి చేయొచ్చు, కానీ పరమాణువుల కంపనాలు పెరిగి వెలుగు రేఖలు వెడల్పవుతాయి. పీడనం ఒక్కటే అదే ముక్కను, అదే బావిని, అవే పరమాణువులను ఉంచి వాటిని దగ్గరికి జరుపుతుంది. హద్దు దాటనంతవరకు వదిలేస్తే మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌కు ఆ హద్దు సుమారు 17 గిగాపాస్కల్‌. అక్కడ స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. మన పని చాలావరకు 5 లోపే.

ఒక గిగాపాస్కల్‌ అంటే దాదాపు పది వేల వాతావరణ పీడనాలు. సముద్రాల్లో అన్నిటికన్నా లోతైన మరియానా అగాధం అడుగున ఉన్నది అందులో పదో వంతు మాత్రమే. అంత పీడనాన్ని బల్ల మీద పుట్టించేది డైమండ్‌ ఆన్విల్‌ సెల్‌. రెండు వజ్రాల మొనలను చదునుగా చెక్కి ఎదురెదురుగా పెడతారు. నడుమ ఒక ఉక్కు రేకు, రేకులో సన్నని రంధ్రం, ఆ రంధ్రంలో ద్రవం, ద్రవంలో మన నమూనా. చదును ముఖం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి, చేత్తో మరలు తిప్పితేనే గిగాపాస్కల్‌లు వస్తాయి. 1950ల చివర అమెరికా ప్రమాణాల సంస్థలో వియర్‌, లిప్పిన్‌కాట్‌, వాన్‌ వాల్కెన్‌బర్గ్‌, బంటింగ్‌ దీన్ని తయారుచేశారు. అధిక పీడన భౌతికశాస్త్రానికి 1946లోనే నోబెల్‌ అందుకున్న బ్రిడ్జ్‌మన్‌ పెద్ద పెద్ద ప్రెస్సులతో చేసిన పని, దీనితో అరచేతిలోకి వచ్చింది. పైగా వజ్రం పారదర్శకం. నొక్కుతూనే లోపలికి లేజర్‌ పంపి, బయటికొచ్చే వెలుగును చూడొచ్చు. అందుకు నత్రజని మలినం దాదాపు లేని టైప్‌ 2ఎ వజ్రాలంటే ప్రయోగశాలలవాళ్లకు ప్రీతి. గోల్కొండ వజ్రాలని ప్రపంచం మెచ్చుకున్నవాటిలో ఎక్కువ ఆ జాతివే. మన కృష్ణా తీరపు గనుల రాళ్లు కిరీటాలకే పోయాయని చదివినప్పుడల్లా, వాటిలో ఒక చిన్న ముక్కయినా ఏదో ఒక ప్రయోగశాలకు చేరి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇక పరమాణువులు దగ్గరైతే శక్తి స్థాయిలన్నీ ఒకే తీరుగా కదలవు. మన పనికి ప్రాణం ఇక్కడే ఉంది. గాలియం ఆర్సెనైడ్‌ వాహక పట్టీలో మూడు లోయలు, అంటే శక్తి దిగువకు వచ్చే చోట్లు, ఉన్నాయి. గామా లోయ పీడనంతో వేగంగా పైకి పోతుంది, గిగాపాస్కల్‌కు సుమారు 107 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు. ఎల్‌ లోయ అందులో సగం వేగంతో పైకి పోతుంది. ఎక్స్‌ లోయ మాత్రం నెమ్మదిగా కిందికి దిగుతుంది, గిగాపాస్కల్‌కు 13 దాకా. పదార్థం మారినా ఒక్కో లోయ వేగం దాదాపు అదే ఉంటుందని 1960ల మొదట్లోనే విలియం పాల్‌ గమనించాడు. అందుకని ఒక రేఖ ఎంత వేగంతో, ఏ దిక్కుకు కదిలిందో కొలిస్తే అది ఏ లోయ నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు.

3. అన్ని వైపులా నొక్కడం వేరు, ఒక దిక్కున నొక్కడం వేరు.

మన ఆదిలాబాద్‌ జిన్నింగు మిల్లుల్లో పత్తి బేళ్లు కట్టడం చూడనివాళ్లుండరు. హైడ్రాలిక్‌ ప్రెస్సు పత్తిని ఒక్క దిక్కునే అదుముతుంది. 170 కిలోల బేలు అయ్యాక తీగలు బిగించకపోతే, అదుమిన ఆ దిక్కునే మళ్లీ పొంగుతుంది. పొరలు పొరలుగా పడుకున్న ఆ పత్తిలో పొడవు, వెడల్పు, ఎత్తు ఇక సమానం కావు. స్ఫటికానికీ అలాంటి గతే పడుతుంది. ఘనాకార స్ఫటికాన్ని ద్రవంలో ఉంచి అన్ని వైపులా సమంగా నొక్కితే ఘనం చిన్నదవుతుంది తప్ప ఘనం గానే ఉంటుంది. ఒక దిక్కున నొక్కితే దాని సౌష్టవమే పోతుంది.

ఎలక్ట్రాన్లకు దీని ఫలితం చాలా పెద్దది. వేలన్సీ పట్టీ పైకొసన బరువు రంధ్రాలు, తేలిక రంధ్రాలు అని రెండు రకాలు ఒకేచోట కలిసి ఉంటాయి. ఆ కలయికకు కారణం ఘనపు సౌష్టవం. సమ పీడనంలో ఆ కలయిక చెదరదు, ఏక దిశా ప్రతిబలంలో విడిపోతుంది. ఏది విడిపోతుంది, ఏది విడిపోదు అన్నది ప్రయోగం లేకుండానే సమూహ సిద్ధాంతం చెబుతుంది. ఆ విద్యను భౌతికశాస్త్ర విద్యార్థులకు అందించిన తొలి పుస్తకాల్లో ఒకటి తెలుగు నేల మీదే పుట్టింది. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. భగవంతం నిజాం కాలేజీలో చదివి, రామన్‌ దగ్గర పనిచేసి, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్‌ చాన్సలర్‌గా ఉన్నారు. స్ఫటికాల స్థితిస్థాపక, కాంతి ధర్మాలను సౌష్టవంతో ముడిపెట్టి చూడటం ఆయన జీవితకాలపు పని. ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగానికి ఆ చూపు చాలాకాలం అంటుకుని ఉంది. నేను విదేశం వెళ్లినప్పుడు పరికరాల సంగతి నాకు తెలియదు గానీ, పట్టీ ఎక్కడ విడిపోవాలో మాత్రం తెలుసు. అది ఇక్కడ దొరికిన చదువే.

బావిలో ఇంకో మెలిక ఉంది. పొర అన్నదే ఒక దిశను మిగతావాటి నుంచి వేరు చేస్తుంది కాబట్టి, పీడనం లేకపోయినా బరువు, తేలిక రంధ్రాలు అప్పటికే విడిపోయి ఉంటాయి. నొక్కినప్పుడు కనబడే విడిపోతలో ఎంత బావిది, ఎంత ప్రతిబలానిది అని అడగడం మరిచిపోవద్దు.

4. కెంపును నమ్మండి, ఉష్ణోగ్రతను కొలిచాకే నమ్మండి.

రెండు వజ్రాల నడుమ పీడనం ఎంతుందో తెలిసేదెలా? నమూనా పక్కన చిటికెడు కంటే తక్కువ కెంపు పొడి వేస్తారు. కెంపు మీద లేజర్‌ పడితే 694 నానోమీటర్ల దగ్గర ఎర్రని జంట రేఖలొస్తాయి. పీడనంతో అవి గిగాపాస్కల్‌కు 0.365 నానోమీటర్ల చొప్పున జరుగుతాయి. 1972 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలమానం ఇది.

కానీ అవే రేఖలు వేడికీ జరుగుతాయి, డిగ్రీకి సుమారు 0.0068 నానోమీటర్లు. ఈ సంఖ్య చిన్నదని వదిలేసే పిల్లలకు నేను మన ఊరి లెక్కే వేయిస్తాను. మే నెలలో ఆదిలాబాద్‌ మధ్యాహ్నం 45 డిగ్రీలు. జనవరి తెల్లవారుజామున 5 దగ్గరికి పడిపోయే రోజులుంటాయి. తేడా 40 డిగ్రీలు. అంటే 0.27 నానోమీటర్లు. పీడనంగా చదివితే 0.75 గిగాపాస్కల్‌! మర ఒక్క చుట్టు కూడా తిప్పకుండానే ఏడున్నర వేల వాతావరణాల పీడనం "పెరిగినట్టు" కెంపు చెబుతుంది. ఎండకాలపు కొలతను చలికాలపు కొలతతో పోల్చాలంటే గది ఉష్ణోగ్రత నోటు పుస్తకంలో ఉండాల్సిందే. రాయడానికి క్షణం పట్టదు. అది లేని పుస్తకాన్ని నేను దిద్దను.

జంట రేఖల మధ్య ఎడాన్నీ చూస్తుండండి. అవి వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే లోపల పీడనం సమంగా లేదన్నమాట.

5. ద్రవం ఎల్లకాలం ద్రవంగా ఉండదు.

మిథనాల్‌ నాలుగు పాళ్లు, ఇథనాల్‌ ఒక పాలు కలిపిన మిశ్రమం గది ఉష్ణోగ్రతలో సుమారు 10 గిగాపాస్కల్‌ దాకా సమ పీడనాన్ని ఇస్తుంది. చల్లబరిస్తే చాలా ముందే గడ్డకడుతుంది. అందుకని పీడనం మార్చాలంటే గది ఉష్ణోగ్రతకు తెచ్చి మార్చండి, ఆ తర్వాత చల్లబరచండి. చల్లగా ఉన్నప్పుడే మార్చి తీరాలంటే హీలియం కావాలి.

6. రేఖ జరిగితే సంతోషించకండి, వాటాలు పంచండి.

నేను ఎక్కువ కాలం గడిపింది ఈ పాఠంలోనే. 10 నానోమీటర్ల బావి ఇచ్చే వెలుగు గది ఉష్ణోగ్రతలో 850 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక గిగాపాస్కల్‌ పెట్టగానే అది 800కి కొంచెం ఇవతలికి వస్తుంది. పొల్లగాళ్లు గీత గీసి, వాలు కొలిచి, "గాలియం ఆర్సెనైడ్‌ శక్తి అంతరం పెరిగింది" అని రాసేస్తారు. నిజమే, కానీ ఆ వాలును జాగ్రత్తగా కొలిస్తే మామూలు మందపు గాలియం ఆర్సెనైడ్‌ కంటే కాస్త తక్కువ వస్తుంది. బావి సన్నబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ కాస్తలోనే బావి కథ ఉంది.

వాటాలు ఇలా పంచాలి. పదార్థపు శక్తి అంతరం గిగాపాస్కల్‌కు 107 పెరిగింది. ఇది పెద్ద వాటా. రెండోది, అంతరం పెరిగితే ఎలక్ట్రాన్‌ ప్రభావక ద్రవ్యరాశి కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒకటిన్నర ఎలక్ట్రాన్‌ వోల్టుల్లో 0.1 పెరిగితే సుమారు 7 శాతం. ఎలక్ట్రాన్‌ బరువెక్కితే బావిలో దాని స్థాయి కిందికి దిగుతుంది. 30లో ఒకటి రెండు మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు పోతాయి. మూడోది, నొక్కితే బావే ఇరుకవుతుంది. గాలియం ఆర్సెనైడ్‌ ఆయత గుణకం సుమారు 75 గిగాపాస్కల్‌ కాబట్టి, ఒక్కో గిగాపాస్కల్‌కు పొడవు 0.44 శాతం తగ్గుతుంది. ఇరుకైన బావిలో స్థాయి పైకి పోతుంది, అయితే ఈ ప్రభావం ద్రవ్యరాశి ప్రభావం ముందు చిన్నది. నాలుగోది, గోడ పదార్థపు అంతరం బావి పదార్థం కన్నా కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి గోడ ఎత్తు కొద్దిగా తగ్గుతుంది. సన్నని బావిలో ఎలక్ట్రాన్‌ తరంగం మరింత ఎక్కువగా గోడలోకి చొచ్చుకుపోతుంది గనుక ఈ తగ్గుదల అక్కడ బాగా తెలుస్తుంది.

1980ల మధ్యలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఉమా వెంకటేశ్వరన్‌, మీరా చంద్రశేఖర్‌, హెచ్‌.ఆర్‌. చంద్రశేఖర్‌, వారి సహచరులు ఈ పనే ఓపికగా చేశారు. 2.6 నానోమీటర్ల నుంచి 15 నానోమీటర్ల దాకా రకరకాల వెడల్పుల బావులను పీడనంలో పెట్టి, ఒక్కో స్థాయి వాలును విడిగా కొలిచారు. ఆ పత్రాలను ఇప్పటికీ పిల్లల చేత చదివిస్తాను. ఒక్క బావిని కొలిచి ఊరుకుంటే నాలుగు వాటాలూ ఒకే వాలులో కలిసిపోతాయి. వెడల్పులు మారుస్తూ పోతేనే విడివడతాయి.

7. వెలుగు ఆరిపోయిన చోట ఆగండి.

పీడనం పెంచుతూ పోతే, మొదట కంటికి కనబడని పరారుణ వెలుగు మెల్లగా మన చూపులోకి వస్తుంది. 3 గిగాపాస్కల్‌ దగ్గర అది 700 నానోమీటర్ల చేరువలో, వజ్రం లోపల ముదురు ఎరుపు చుక్కగా ఉంటుంది. మన కళ్లముందే ఒక స్ఫటికం తన రంగు మార్చుకోవడం మొదటిసారి చూసిన పిల్లల మొహాలు నాకు ఎంతో ఇష్టం. ఇంకొంచెం పెంచండి. 3, 4 గిగాపాస్కల్‌ల నడుమ, గోడలో అల్యూమినియం పాలును బట్టి, బావి వెడల్పును బట్టి, ఒక చోట ఆ వెలుగు కూలిపోతుంది. వందో వంతుకు, అంతకన్నా తక్కువకు పడిపోతుంది.

చాలామంది అక్కడ సెల్‌ విప్పేస్తారు. నమూనా చిట్లిందనుకుంటారు. నిజానికి జరిగిందేంటంటే, పైకి పోతున్న బావిలోని గామా స్థాయి, కిందికి దిగుతున్న గోడలోని ఎక్స్‌ స్థాయిని దాటింది. ఎలక్ట్రాన్‌కు ఇప్పుడు గోడే తక్కువ శక్తి చోటు. అది బావి వదిలి గోడలోకి పోయింది. రంధ్రం మాత్రం బావిలోనే ఉంది. రెండూ వేరు పొరల్లో, వేరు లోయల్లో ఉన్నాయి కాబట్టి కలవడం కష్టం, వెలుగు బలహీనం. ఓపిక పట్టి, డిటెక్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే, బాగా తక్కువ ఉష్ణోగ్రతల్లో ఒక బలహీనమైన కొత్త రేఖ కనబడుతుంది. అది పీడనంతో పైకి కాదు, కిందికి జరుగుతుంది. ఆ దిక్కే దాని చిరునామా.

ఆ బలహీన రేఖ ఒక పెద్ద తగవు తీర్చింది. బావి, గోడల శక్తి అంతరాల్లో తేడా 0.37 ఎలక్ట్రాన్‌ వోల్టులు అనుకుందాం. అందులో వాహక పట్టీ వైపు ఎంత, వేలన్సీ పట్టీ వైపు ఎంత? 1974 కొలతల నుంచి డింగిల్‌ 85, 15 అని తేల్చాడు. పదేళ్లపాటు అందరూ అదే రాసుకున్నారు. 1980ల మధ్యకు వేరే రకం బావుల మీద వచ్చిన ఫలితాలు దానితో కుదరలేదు. పీడనం ఇచ్చిన జవాబు సూటిది. గోడ పదార్థంలో ఎక్స్‌ లోయకూ వేలన్సీ పట్టీకీ మధ్య దూరం మనకు ముందే తెలుసు. బలహీన రేఖ శక్తి అంటే గోడలోని ఎక్స్‌కూ బావిలోని రంధ్రానికీ మధ్య దూరం. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేసి, రంధ్రం బావి అడుగు నుంచి ఎంత ఎత్తున ఉందో ఆ చిన్న సంఖ్యను కలిపితే, వేలన్సీ పట్టీ వాటా చేతికొస్తుంది. మిస్సోరీ బృందమూ, ఐబీఎంలో వూల్ఫర్డ్‌ బృందమూ ఈ దారిలో పోయి, రంధ్రాల వాటా 15 శాతం కాదు, దాదాపు మూడో వంతు అని చూపించారు. 0.37లో 15 శాతం 55 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు. మూడో వంతు 120కి పైన. రంధ్రాలను పట్టి ఉంచే గోడ రెట్టింపు అయింది! లేజర్లలో రంధ్రాలు జారిపోతాయా, పోవా అన్న లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

పీడనాన్ని మించిన సాధనం లేదని నేను మొదట్లో అన్నది ఈ ఫలితాన్ని దృష్టిలో పెట్టుకునే. బావి, గోడ, గామా, ఎక్స్‌ అని నాలుగు పేర్లున్న స్థాయిలను ఒకదాన్నొకటి దాటించి, ఏది ఏ పొరదో చూపించగలిగింది పీడనమే.

8. ఒకే పీడనానికి రెండు లేజర్లు రెండు జవాబులిస్తాయి. రెండూ నిజమే.

ఫైబర్‌ తీగల్లో ఇంటర్నెట్‌ మోసే లేజర్‌ 1.55 మైక్రోమీటర్లది. దాన్ని పీడనంలో పెడితే అది వెలగడానికి కావలసిన కనీస విద్యుత్తు తగ్గుతుంది. డీవీడీ చదివే 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను పీడనంలో పెడితే అదే విద్యుత్తు పెరుగుతుంది. మొదటిదాంట్లో శత్రువు ఓజే ప్రక్రియ. ఎలక్ట్రాన్‌, రంధ్రం కలిసి వెలుగివ్వకుండా ఇంకో కణానికి శక్తిని అప్పజెప్పడమే అది. శక్తి అంతరం పెరిగితే అది తగ్గుతుంది. రెండోదాంట్లో శత్రువు ఎక్స్‌ లోయలోకి కారిపోయే ఎలక్ట్రాన్లు. పీడనం గామాను ఎక్స్‌కు దగ్గర చేస్తుంది, కారడం పెరుగుతుంది. పీడనంలో పెట్టి చూస్తే లేజర్‌ జబ్బేంటో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో సర్రే విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్రెడ్‌ ఆడమ్స్‌ ఏళ్ల తరబడి ఈ పని చేశాడు. బావి పొరను కావాలనే పక్కలకు అదిమినట్టు పెంచితే రంధ్రాలు తేలికవుతాయి, లేజర్‌కు తక్కువ విద్యుత్తు చాలుతుంది అని 1986లో ఆయన ప్రతిపాదించాడు. అదే ఏడు అమెరికాలో యాబ్లొనోవిచ్‌, కేన్‌ విడిగా అదే మాట చెప్పారు. ఇవాళ ఫైబర్‌లో వెలిగే లేజర్లు ఈ తరహా బావులే. ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో పిల్లలు ఫోన్‌లో పాఠాలు వింటున్నారంటే, దాని వెనక దూరపు తీగల్లో అలాంటి ఒక నొక్కిన బావి వెలుగుతుంటుంది.

9. వీధి దీపంలో కూడా ఒక బావి ఉంది. దాని లెక్క వేరు.

ఇప్పుడు ఊరూరా ఉన్న తెల్లని ఎల్‌ఈడీ బల్బులో నీలి వెలుగు ఇచ్చేది ఇండియం గాలియం నైట్రైడ్‌ బావి. అకసాకి, అమనో, నకమురలకు 2014 నోబెల్‌ తెచ్చిన పని అది. గాలియం నైట్రైడ్‌ శక్తి అంతరం పీడనంతో గిగాపాస్కల్‌కు సుమారు 40 మిల్లీ ఎలక్ట్రాన్‌ వోల్టులు పెరుగుతుంది. బావి వెలుగు కూడా అంతే జరగాలని అనుకుంటాం. కొలిస్తే సగమే, కొన్నిట్లో అంతకన్నా తక్కువ. గాలియం ఆర్సెనైడ్‌తో నేర్చుకున్న వాటాల లెక్కకు ఇది అందదు. ఈ స్ఫటికానికి ఘనపు సౌష్టవం లేదు. నొక్కిన పొరలో సొంతంగా విద్యుత్‌ క్షేత్రం పుడుతుంది, సెంటీమీటరుకు పది లక్షల వోల్టుల స్థాయిలో. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్‌ను ఒక గోడ వైపు, రంధ్రాన్ని రెండో గోడ వైపు గుంజుతుంది. పీడనం పెరిగితే ఆ క్షేత్రమూ పెరుగుతుంది. అంతరం పైకి తోస్తే, క్షేత్రం కిందికి లాగుతుంది. పోలండ్‌లో వార్సాలోని అధిక పీడన భౌతికశాస్త్ర సంస్థవాళ్లు దీని మీద చాలా పని చేశారు. అసలు గాలియం నైట్రైడ్‌ స్ఫటికాలను పెంచింది కూడా వాళ్లు వేల వాతావరణాల నత్రజని పీడనం కిందే.

10. ఇక్కడ కూర్చుని చేయగలిగింది చాలా ఉంది.

డైమండ్‌ సెల్‌ ఆదిలాబాద్‌లో లేదు. హైదరాబాద్‌లో అర్ధవాహకాలకూ పీడనానికీ పనికొచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఖనిజాలను అధిక పీడనంలో చూసే పని జరిగింది. హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలోని అధిక శక్తి పదార్థాల కేంద్రంలో పీడనం కింద స్ఫటికాల ఎలక్ట్రాన్‌ నిర్మాణాన్ని లెక్కగట్టే సిద్ధాంత పరిశోధన నడుస్తూ వచ్చింది. గాలియం ఆర్సెనైడ్‌ చిప్పులు తయారుచేసే గేటెక్‌ కూడా అక్కడే. అక్కడికి పోయేలోగా ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఒక మామూలు ల్యాప్‌టాప్‌ చాలు.

5, 10, 20 నానోమీటర్ల మూడు బావులు తీసుకోండి. 30 శాతం అల్యూమినియం గోడలు. పరిమిత ఎత్తు బావి సమీకరణాన్ని మీరే రాసి ఎలక్ట్రాన్‌ మొదటి స్థాయి కనుక్కోండి. రంధ్రానికీ అంతే. తర్వాత పీడనాన్ని సున్నా నుంచి 3 గిగాపాస్కల్‌ దాకా పెంచుతూ నాలుగు వాటాలనూ ఒక్కొక్కటిగా కలపండి. మొదట అంతరం ఒక్కటే. తర్వాత బావి ఇరుకవడం. తర్వాత ద్రవ్యరాశి. చివర గోడ ఎత్తు. ప్రతి మెట్టులోనూ మూడు బావుల వాలులు పక్కపక్కన రాయండి. రెండో మెట్టు దగ్గర 5 నానోమీటర్ల బావి వాలు అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది. మూడో మెట్టు కలపగానే అన్నిటికన్నా తక్కువకు దిగాలి. దిగకపోతే ప్రోగ్రాంలో ద్రవ్యరాశి పీడనంతో మారడం లేదన్నమాట, ఆ వరస దగ్గర మళ్లీ చూడండి.